వేగం తగ్గించుకున్న మనిషి

ఐస్ రింకులో దీపాలు సగమే వెలిగించుకుని రైనో లాంపెలా మంచు మీద బండి నడుపుతున్నాడు. బండి కింద ఉన్న పొడవాటి కత్తి నిన్న సాయంత్రం స్కేట్లు గీసిపోయిన గీతల్ని పలచగా చెక్కేస్తోంది. వెనకాల ఈడ్చుకొచ్చే తడిగుడ్డ వేడినీళ్ళు పరుచుకుంటూ వస్తోంది. ఆవిరి కాసేపు ఆయన బూట్ల చుట్టూ తచ్చాడి చెదిరిపోతోంది. గోడవారగా ఒక చుట్టు, దాని లోపల ఇంకొకటి, అలా మధ్యకి చేరేసరికి మంచు మొత్తం నునుపు తేలి మెరుస్తుంది. ఇంకా ఎవరూ కాలు పెట్టని ఆ కాసేపూ దాన్ని చూస్తూ నిలబడటం ఆయనకి ఇష్టం. కుర్రతనంలో ఈ రింకులో పనికి చేరిన రోజునుంచీ ఆ ఇష్టం అలాగే ఉంది.

పొడుగు మనిషి. జీవితమంతా బాయిలరు గది గొట్టాల కింద తల వంచుకుని తిరగడం వల్ల మెడ కొంచెం ముందుకి వాలిపోయింది. చెవులు పెద్దవి; ఉన్నిటోపీ కిందనుంచి రెండువైపులా ఎర్రగా బయటికి వస్తాయి. కుడిచేతి వేళ్ళ చివర చర్మం అక్కడక్కడా నిగనిగలాడుతుంది. తీగలు అతికేటప్పుడు కరిగిన సీసం చుక్కలు పడ్డ గుర్తులవి. హాకీ పిల్లలు ఆయన్ని చాటుగా చెవుల తాత అంటారు. అది విని ఆయన కోప్పడలేదు. ఈ చెవులతోనే ఒకసారి పోర్చుగల్ నుంచి మాట్లాడే మనిషిని విన్నానని చెప్పాడు. పిల్లలు నమ్మలేదు.

బండి దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని ఒక క్షణం ఆగాడు. ఎడమ భుజం వారం రోజులుగా లాగుతోంది. రాగి గొట్టాలు మోసినందువల్ల అయి ఉంటుందనుకుని, చెయ్యి రెండుసార్లు విదిల్చి, బాయిలరు గదిలోకి వెళ్ళాడు.

బాయిలరు మూత మీద పెట్టిన పాస్టీ రొట్టె అప్పటికే వెచ్చబడి, లోపలి దుంపలూ మాంసమూ వాసన వేస్తున్నాయి. రోజూ కూర్చునే బెంచీ మీద కూర్చుని దాన్ని మెల్లగా తిన్నాడు. ఆ బెంచీ చేసినవాడు ఉర్హో మట్టిలా అనే పెద్దాయన. రైనో పనిలో చేరేనాటికి రింకు బాయిలరు చూసుకునేది ఆయనే. గని మూతపడ్డ రోజులవి. ఊళ్ళో సగంమంది కుర్రాళ్ళు డెట్రాయిట్ వైపు వెళ్ళిపోయారు. రైనో వెళ్ళలేకపోయాడు. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలని మనిషి, ఎక్కడికి వెళ్ళి ఎవరిని పని అడుగుతాడు? దుకాణంలో రొట్టె కావాలన్నా వేలితో చూపించి ఊరుకునేవాడు. అవతలివాళ్ళు అతను మాట పూర్తి చేసేదాకా ఆగకుండా తామే పూర్తి చేసేసేవాళ్ళు. చాలాసార్లు తప్పుగా పూర్తి చేసేవాళ్ళు. దాన్నే అతను ఒప్పుకుని ఇంటికి వెళ్ళిపోయేవాడు.

ఉర్హోకి ఈ బాయిలరు గదిలోనే ఒక మూల రేడియో ఉండేది. పొగగొట్టానికి కట్టిన తీగ ఒకటి చింకి దారంలా కిటికీలోంచి లోపలికి వచ్చేది. మధ్యాహ్నం తిండివేళ ఆయన చెవికి ఫోన్లు తగిలించుకుని, బల్లకి బిగించిన ఇత్తడి మీట మీద టకటకా కొడుతుంటే రైనో ఎదురుగా కూర్చుని చూసేవాడు. కొన్నాళ్ళకి ఉర్హో అడగకుండానే మోర్స్ అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాడు. నాకు మాటలే సరిగ్గా రావు, ఇదేం వస్తుందని రైనో గొణిగితే ఆయన ఒకే మాట అన్నాడు.

"మాటలు రావని ఎవరన్నారు నీకు? తొందరగా రావు, అంతేగా. ఇక్కడ తొందరేం లేదురా."

రేడియో లైసెన్సు పరీక్ష పాసై, గాలిలో తన పేరుగా వాడే పిలుపు అక్షరాలు చేతికొచ్చాక, మొదటిసారి మీట మీద చెయ్యి పెట్టినప్పుడు రైనో తడబడ్డాడు. కొట్టిన అక్షరాల్లో సగం చెడిపోయాయి. అయినా ఎక్కడినుంచో బదులు వచ్చింది. విస్కాన్సిన్‌లో ఆవులు పెట్టుకున్న ఒక రైతు. అంతకుముందే ఆ మనిషి ఇంకెవరితోనో వర్షం కురిసినంత వేగంగా మాట్లాడటం రైనో విన్నాడు. ఇప్పుడు అదే మనిషి, ఒక్కొక్క అక్షరం మధ్య ఊపిరి పీల్చుకునేంత చోటు వదిలి, నిదానంగా కొడుతున్నాడు. తన పేరు చెప్పాడు. వాన లేదన్నాడు. నీ అక్షరాలు చక్కగా అందుతున్నాయన్నాడు. అది అబద్ధమని రైనోకి తెలుసు. ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాక కళ్ళు తుడుచుకుంటే, ఉర్హో బాయిలరు వైపు తిరిగి చాలాసేపు బొగ్గు వేస్తూ ఉండిపోయాడు.

ఈ పిచ్చి నీకెందుకు పట్టిందని తరవాత ఎవరు అడిగినా రైనో దూరదేశాల సంగతి చెప్పేవాడు కాదు. ముఖం కూడా తెలియని ఒక మనిషి నాకోసం తన వేగం తగ్గించుకున్నాడు, అనేవాడు.

ఇవాళ మధ్యాహ్నం రెండో విడత మంచు నునుపు చేసి, తాళాలు మేనేజరుకి అప్పగించి, రైనో పికప్ ఎక్కాడు. వెనక తొట్టిలో నిచ్చెన, ఇనప స్తంభం, గోనెగుడ్డలో చుట్టిన రాగి గొట్టాల యాంటెన్నా ఉన్నాయి. పాత ఇళ్ళు కూలగొట్టినప్పుడు దొరికిన నీళ్ళ గొట్టాల్ని కోసి, అతికి తనే చేశాడు. అలాంటివి ఊరి చుట్టుపక్కల చాలా కప్పుల మీద ఉన్నాయి. కొత్తగా ఎవరు పరీక్ష పాసైనా ఆయన ఒకటి చేసి పట్టుకెళ్ళేవాడు.

ఆయనకీ మధ్యలో విసుగు పుట్టిన రోజులు లేకపోలేదు. ఉర్హో పోయిన తరవాత రేడియో మీద తువ్వాలు కప్పేశాడు. ఆకాశం కూడా ఆ యేళ్ళలో సరిగ్గా లేదు. సూర్యుడి మీద మచ్చలు తగ్గితే రేడియో దూరం పోదు; అవి తగ్గిపోయి దూరపు గొంతులు రావడం మానేశాయి. వినిపించే కొద్దిమందీ మోకాళ్ళనొప్పులూ వాతావరణమూ తప్ప మాట్లాడేవారు కాదు. రెండు చలికాలాలు ఆ తువ్వాలు తియ్యలేదు. అప్పుడు ఒక రోజు ఫెర్న్ బెసోనెన్ వచ్చి తలుపు కొట్టింది. బడి వంటగదిలో పని చేసే మనిషి. చేతులకి ఇంకా పిండి ఉంది. రేడియో నేర్చుకోవాలనుందని తను అంటే, రైనో నేర్పుతాడు వెళ్ళమని ఉర్హో పోయేముందు చెప్పాడట. రైనోకి కాదనడం చేతకాలేదు. తువ్వాలు తీశాడు. ఆమెకి నేర్పడానికి తను మళ్ళీ చదవాల్సి వచ్చింది. చూపించడానికి చిన్న రేడియో పెట్టె ఒకటి సొంతంగా కట్టాల్సి వచ్చింది. ఆ పెట్టె పట్టుకుని ఇద్దరూ సముద్రమంత సరస్సు మీది రేవు గోడ చివరికి వెళ్ళి, గాలిపటానికి కట్టి తీగ ఎగరేసి, టార్చిలైటు వెలిగించేంత కరెంటుతో అట్లాంటిక్‌లోని పోర్చుగల్ ద్వీపం మనిషితో మాట్లాడారు. ఫెర్న్ రేవు మీద గెంతింది. ఆ రోజునుంచి రైనోకి మళ్ళీ విసుగు పుట్టలేదు. పుడుతున్నట్టనిపిస్తే కొత్తవాళ్ళెవరున్నారని వెతుక్కునేవాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే రేడియోలో అందరి పేర్లూ పిలిచి బాగోగులు అడిగేది ఫెర్నే. ఆమె గురించి రైనో ఒక మాట అంటూ ఉంటాడు: ఆవిడకి మాట్లాడటం నేర్పనక్కర్లేదు, ఆపడం నేర్పాల్సింది.

ఇవాళ ఆయన వెళ్తున్న అయోన్ తెర్వో ఇల్లు సరస్సు పక్క కొండచరియ దారిలో చివర్న ఉంది. నలభై దాటిన మనిషి. ఆ దారంతా కారులో ఉత్తరాలు పంచే పని ఆమెది. ఆ పక్క సెల్‌ఫోను పలకదు. కిందటి చలికాలం కారు జారి గోతిలో పడితే, మంచు తీసే బండి అటుగా వచ్చేదాకా మధ్యాహ్నమంతా గడ్డకట్టుకుపోతూ కూర్చుంది. భర్త దుంగల లారీ నడుపుతాడు, వారంలో ఎక్కువ రోజులు ఇంట్లో ఉండడు. ఆ గోతిలో కూర్చున్నప్పుడే రేడియో సంగతి ఆలోచించిందట. వేసవిలో పరీక్ష పాసైంది. చిన్న చేతిరేడియో ఒకటి కారుకీ, పెద్దది ఇంటికీ కొనుక్కుంది. అంతే. ఇంతవరకూ ఒక్కసారి కూడా మాట్లాడే మీట నొక్కలేదు.

ముందు, ఏమీ సరిగ్గా వినిపించకపోతే రేడియోలోనే లోపమనుకుంది. రైనో వచ్చి చూసి, రేకుల కప్పు కింద బొటనవేలంత యాంటెన్నా పెట్టుకుంటే అందరి మాటల్నీ చేరవేసే కొండ మీది టవరు ఎలా అందుతుందని నవ్వాడు. అందుకే ఇవాళ ఈ నిచ్చెన. ఆవిరిస్నానం చేసే సానా గదిని ఆనుకుని స్తంభం నిలబెట్టి, రాగి గొట్టాన్ని దాని తలకి బిగించి, తీగని కిటికీ చట్రంలోంచి లోపలికి తెచ్చాడు. పని మధ్యలో రెండుసార్లు నిచ్చెన మెట్టు మీద కూర్చున్నాడు. ముఖం పాలిపోయిందని అయోన్ కిందనుంచి అంటే, ఏం లేదమ్మా, పాస్టీ బరువు, అన్నాడు.

రేడియో పెట్టగానే ఊళ్ళో మాట్లాడుకునేవాళ్ళ గొంతులు వంటింట్లోకి స్పష్టంగా వచ్చాయి. అయోన్ ముఖం వెలిగింది. రైనో మైకు ఆమె చేతికిచ్చాడు. ఆమె పట్టుకుంది, నోటిదాకా తెచ్చింది, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"నావల్ల కాదండీ. పరీక్షలో అన్నీ రాశాను, అయినా దీన్ని పట్టుకుంటే గొంతు మూసుకుపోతుంది. ఇంతమంది వింటుంటే..."

"వినడానికే కూర్చున్నారమ్మా వాళ్ళు. తప్పులు పట్టడానిక్కాదు."

ఆమె తల ఊపింది కానీ మైకు తియ్యలేదు. తను ఎదురుగా ఉంటే ఆమె తన ముఖం చూస్తుంది తప్ప మీట నొక్కదని రైనోకి అర్థమైంది. నిచ్చెన పికప్‌లో వేసుకుని, ఎవరూ వాడని ఖాళీ చానెలు ఒకటి ఆమె రేడియోలోనూ తన పికప్ రేడియోలోనూ పెట్టి, నేను పిలిచినప్పుడు నీకు బుద్ధి పుడితే పలుకు, లేకపోతే లేదని చెప్పి వెళ్ళిపోయాడు.

దారి సరస్సు వైపు తిరిగేచోట బండి ఆపాడు. నీళ్ళు ఉక్కు రంగులో ఉన్నాయి. ఇనప ఖనిజం మోసే ఓడ ఒకటి దూరంగా, కదులుతున్నట్టే లేకుండా కదులుతోంది. తన పిలుపు అక్షరాలు చెప్పి, ఆమెవి చెప్పి, ఆమె పేరు చెప్పాడు. మైకు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఏమీ రాలేదు. ఆయన రెండోసారి పిలవలేదు. మళ్ళీ పిలిస్తే ఆలస్యం చేశావని ఎత్తిచూపినట్టవుతుంది. ఓడ కొండకొమ్ము వెనక్కి సగం వెళ్ళింది. ఒకసారి రేడియో టక్కుమని ఊరుకుంది: ఆమె మీట నొక్కి వదిలేసింది. ఆయన కదలలేదు. కాసేపటికి మళ్ళీ టక్కుమంది.

"రైనో గారూ... నేను. అయోన్‌ని. వినిపిస్తోందా?"

ఆయన ఒళ్ళోంచి మైకు తీసుకున్నాడు.

"పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుందమ్మా."

"ఇప్పుడేం మాట్లాడాలి?"

"అందరికీ అక్కడే వస్తుంది చిక్కు. నీ కిటికీలోంచి ఏం కనిపిస్తోందో చెప్పు, చాలు."

ఆమె, తమ కుక్క ఆయన వదిలిపోయిన రాగి ముక్కని నోట కరుచుకుని పెరట్లోకి పారిపోతోందని చెప్పింది. చెబుతూ నవ్వింది. నవ్వు మొదలయ్యాక మాటలు వాటంతటవే వచ్చాయి. గోతిలో కూర్చున్న మధ్యాహ్నం గురించి చెప్పింది. అప్పుడు ఎవరి గొంతు వినిపించినా చాలనిపించిందని చెప్పింది. చీకటి పడుతున్నట్టుంటే రైనో పికప్ దీపాలు వెలిగించుకుని వింటూ కూర్చున్నాడు. ఆమె తనతో ఇంత మాట్లాడుతుందని ఆయన అనుకోలేదు. తనకీ ఉర్హో గురించీ ఆ విస్కాన్సిన్ రైతు గురించీ చెప్పాలనిపించింది; చెప్పాడు.

"మీరు చేసిందానికి ఏమిచ్చుకోగలనండీ నేను?" అంది చివర్న.

"నాకేం వద్దు. రేపెవరైనా కొత్తవాళ్ళు తడబడుతూ మాట్లాడితే నువ్వు తొందరపడకు. అంతే."

తరవాత ఇంకొక సంగతి చెప్పాడు. రేపు పొద్దున ఫెర్న్ పేర్లు పిలిచేటప్పుడు అయోనే పలకాలి. "నేను మాట్లాడను, చెబుతున్నా. నేను ముందు నోరు తెరిస్తే నువ్వు నా వెనకాల దాక్కుంటావు. ఊరికే వింటా."

ఇంటికి వచ్చి బఠాణీ సూపు వేడిచేసుకుని తిన్నాడు. గిన్నె కడిగి బోర్లించాడు. ఫెర్న్‌కి ఫోను చేసి, రేపు ఒక కొత్త గొంతు వస్తుంది, నేను పలకను, నోటికి కాస్త విరామం ఇవ్వమని చెప్పాడు. ఆమె దెబ్బలాడితే ఆయన చాలాసేపు నవ్వాడట, తరవాత ఆమే అందరికీ చెప్పుకుంది. అలిసిపోయాడు కానీ మంచి అలసట. పెద్ద దీపం తీసేశాడు.

పొద్దున్నకి రాత్రి తెలియకుండా కురిసిన తొలి మంచు దారంతా పరుచుకుంది. అయోన్ ఉత్తరాల పనికి వెళ్ళే కోటు తొడుక్కుని, మైకు ముందు నిలబడే ఉంది; కూర్చుంటే లేచిపోవాలనిపిస్తుందని. ఫెర్న్ ఒక్కొక్కరినే పిలిచింది. వృద్ధాశ్రమంనుంచి ఒక పెద్దాయన పలికాడు. దారి మంచు తీసే బండి నడిపే ఒకాయన దారిలోనుంచి పలికాడు. తరవాత ఫెర్న్, కొత్తవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగి, నిజంగానే ఆగింది. ఆమె అంతసేపు ఆగడం ఎవరూ ఎన్నడూ వినలేదు.

అయోన్ మీట నొక్కింది. పిలుపు అక్షరాలు ఒకటి తప్పు చెప్పి, దిద్దుకుంది. పేరు చెప్పింది. కొండచరియ దారి చివరినుంచి మాట్లాడుతున్నానంది. అందరూ ఒకరి తరవాత ఒకరు రా రమ్మని పలకరించారు. వృద్ధాశ్రమం పెద్దాయన తడుముకుంటూ, ఆమె పేరు రెండుసార్లు అడిగాడు. ఆమె రెండుసార్లూ నిదానంగా చెప్పింది.

ఆపేముందు, "రైనో గారూ, వింటున్నారని తెలుసు. దాక్కోలేదు నేను," అంది.

బదులు రాలేదు. మాట్లాడనని చెప్పాడు కనక ఎవరికీ అనుమానం రాలేదు. ఫెర్న్ నవ్వి, ఆ ముసలాయన మాటంటే మాటే, అంది.

ఉత్తరాలు పంచుతూ అయోన్ ఊళ్ళోకి వచ్చేసరికి బాగా తెల్లవారింది. రైనో పికప్ ఇంటిముందే ఉంది. దాని అద్దం మీద మంచు తుడవలేదు. ఇంటిముందు అడుగులు లేవు. ఆ వేళకి రింకులో ఉండాల్సిన మనిషి. ఆమె తలుపు కొట్టింది, తోస్తే తెరుచుకుంది. ఇక్కడ తలుపులకి ఎవరూ తాళం వెయ్యరు.

వంటింటి బల్ల ముందు కుర్చీలో ఉన్నాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, జుట్టు దువ్వుకుని ఉన్నాడు. గడ్డం ఛాతీ మీదికి వాలింది. చెయ్యి ముట్టుకుంటే చల్లగా ఉంది. అయోన్ కొంతసేపు ఆ చేతిని పట్టుకునే నిలబడింది. తరవాత కారు దగ్గరికి వెళ్ళి, చేతిరేడియో తీసి ఫెర్న్‌ని పిలిచింది. రైనో ఇంటికి రావాలనీ, డాక్టరుని తీసుకురావాలనీ, తొందరేమీ లేదనీ చెప్పింది. గొంతు మూసుకుపోలేదు. ఆ సంగతి ఆమెకి సాయంత్రందాకా తట్టలేదు.

గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. బాధపడి ఉండడని కూడా అన్నాడు. సరిగ్గా ఎప్పుడన్నది మాత్రం చెప్పలేకపోయాడు. పొద్దున అందరూ మాట్లాడుకున్నప్పుడు ఆయన బతికే ఉన్నాడా అని అయోన్ అడిగింది. ఉండి ఉండొచ్చు, లేకపోవచ్చు అన్నాడు.

అంత్యక్రియలకి చర్చి కింది హాలు చాలలేదు. ఫెర్న్ యాలకుల రొట్టెలు కాల్చి తెచ్చింది. ఇంటి కప్పు మీద ఆయన రాగి గొట్టాలున్నవాళ్ళందరూ వచ్చారు. హాకీ పిల్లలు జెర్సీలు వేసుకుని వరసగా నిలబడ్డారు. ఆయన నిజంగానే పోర్చుగల్ విన్నాడా అని వాళ్ళలో ఒకమ్మాయి ఫెర్న్‌ని అడిగితే, విన్నాడమ్మా, నేను పక్కనే ఉన్నాను అని చెప్పింది. ఒక్కొక్కరూ లేచి తమ మొదటి మాట గురించి చెప్పారు. ఎవరి కథలోనూ రైనో పెద్దగా మాట్లాడలేదు. అందరి కథల్లోనూ ఆగి ఉన్నాడు. మరుసటి వేసవికి పరీక్షకి కూర్చున్నవాళ్ళకి గొట్టాలు కోసి అతికే పని అయోన్ తీసుకుంది. మొదటిది వంకరగా వచ్చింది, అయినా పలికింది.

అవన్నీ తరవాతి సంగతులు. ఆ పొద్దున డాక్టరు లోపలి గదిలో ఫోను చేస్తుండగా, ఇద్దరు ఆడవాళ్ళూ వంటింట్లో ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు. ముందు గమనించింది ఫెర్న్. రైనో ఎప్పుడూ వెనక గదిలో కూర్చుని, చెవులకి ఫోన్లు పెట్టుకునే వినేవాడని ఆమెకి తెలుసు. ఆ గదిలోని రేడియోనుంచి నడవ పొడుగునా, ఇదివరకు లేని కొత్త తీగ ఒకటి, కాలికి తగలకుండా గోడవారగా మేకులు కొట్టి, వంటింటిదాకా లాగి ఉంది. ఆమె దాన్ని చూపుతో వెంబడిస్తూ వచ్చి ఆగిపోయింది.

తీగ చివర, బల్ల మీద, కాఫీ కప్పు పక్కన, చిరిగిన గుడ్డని వల దారంతో కుట్టుకున్న చిన్న చెక్క స్పీకరు ఆయన కుర్చీకి ఎదురుగా తిప్పి పెట్టి ఉంది.